ఎడ్లబండే మొదటి ల్యాబు

పల్లెటూరి పిల్లలకు సైన్సంటే భయమని మనం తరచూ వింటూంటాం. రైతు కుటుంబంలో పుట్టి ఈ కాలేజీలో బి.ఎస్సీ. చదువుతున్న నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. వాళ్ల భయమంతా పుస్తకంలోని సైన్సంటేనే. వాకిట్లో ఉన్న సైన్సుతో రోజూ పనిచేస్తూనే ఉన్నారు. ఆ రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు లేకనే పదో తరగతి కాగానే చాలామంది "సైన్సు మా వల్ల కాదు" అని తప్పుకుంటున్నారు.

సైన్సును పల్లెకు చేర్చే ప్రయత్నాలు లేకపోలేదు. 2007 అక్టోబరు 30న ఢిల్లీలో బయలుదేరిన 'సైన్స్ ఎక్స్‌ప్రెస్' అనే ప్రదర్శన రైలు 2017 దాకా దేశంలో ఎన్నో స్టేషన్లు తిరిగింది. అయితే రైలు స్టేషను దాకానే వస్తుంది గదా! చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ వారు వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద ప్రయోగ సామగ్రిని బళ్లకే తీసుకువెళ్తున్నారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గ పనులే. కాని బండి సైన్సును మోసుకురావడమే కాదు, ఆ బండిలోనే సైన్సుంది. అది చూపించాలని మొన్న వేసవి సెలవుల్లో మా ఊరి హైస్కూలు పిల్లలకు మూడు పాఠాలు చెప్పాను.

మొదటిది ఎడ్లబండి. మా ఊళ్లో ఇప్పుడు రెండు మూడే మిగిలాయి. "చక్రానికి ఇనుప పట్టా ఎలా వేస్తారు?" అని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడొకడు లేచి, "చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, మంటలో ఎర్రగా కాల్చి తొడుగుతారన్నా. తర్వాత నీళ్లు పోస్తారు" అన్నాడు. వాళ్ల తాత వడ్రంగి. వ్యాకోచం, సంకోచం అంటే అదే! ఇక లెక్క చూడండి. చక్రం అడ్డుకొలత ఒకటిన్నర మీటరైతే చుట్టుకొలత 4.7 మీటర్లు. మీటరు పొడవున్న ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే పట్టా మొత్తం దాదాపు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పైగా సాగుతుంది. అందుకే సులువుగా ఎక్కుతుంది. చల్లారేసరికి చక్రాన్ని బిగించి పట్టేస్తుంది.

రెండోది సైకిలు. ముందు చక్రానికీ గొలుసుకీ సంబంధం లేదు. పెడల్ దగ్గరి పళ్లూ, వెనక చక్రం పళ్లూ లెక్కపెట్టమన్నాను. 44, 18 వచ్చాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరగాలి. చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లు. గుణిస్తే సుమారు 5.4 మీటర్లు. వీధిలో సుద్దగీత గీసి, పెడల్ ఒక్క చుట్టు తిప్పి, టేపుతో కొలిచారు. లెక్కా కొలతా దగ్గర దగ్గరగా వచ్చేసరికి పిల్లల సంబరం చూడాలి! మర్నాడు ఊళ్లోని సైకిళ్లన్నిటి పళ్లూ లెక్కపెట్టుకొచ్చారు.

మూడోది ట్రాక్టరు. కదిలే బండి శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. బ్రేకు పట్టు మారకపోతే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో 5 మీటర్లలో ఆగే బండి 40 వేగంలో ఆగడానికి 20 మీటర్లు కావాలి. వేగం రెట్టింపు, దూరం నాలుగు రెట్లు. బరువు రెట్టింపైతే ఆ దూరం మళ్లీ రెట్టింపు. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోగా పోయే దూరం దీనికి అదనం. ఈ లెక్క బోర్డు మీద వేయగానే ఒక అమ్మాయి, "మా అమ్మ మిరప కోతకు రోజూ ట్రాలీలోనే వెళ్తుందన్నా. ఈ లెక్క డ్రైవరుకు చెప్పాలి" అంది. పరీక్షలో మార్కుల కోసం కాక, అమ్మ క్షేమం కోసం భౌతికశాస్త్రం కావాల్సి వచ్చింది ఆ పిల్లకు. సైన్సు చదువుకు ఇంతకంటే పెద్ద ప్రయోజనం ఏముంటుంది?

మిత్రులారా! ఈ మూడు పాఠాలకూ నాకైన ఖర్చు ఒక టేపు, నాలుగు సుద్దముక్కలు. ఏటా మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లో రోడ్లు బాగుచేస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. ఆ పనులతో పాటు రోజుకో గంట ఆ ఊరి బండి దగ్గర, సైకిలు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుందాం. మన లెక్చరర్లు సలహాలిస్తే వచ్చే క్యాంపు నాటికి పది పాఠాలు తయారుచేయవచ్చు. నాతో కలిసే వాళ్లెవరు?