మాస్ట్ కణాల జబ్బు – మన గాలి, మన నీరు

జిన్నారం, గడ్డపోతారం, కాజిపల్లి, బొల్లారం వైపు నుండి మా ఓ.పి.కి వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, ఈ దద్దుర్లు కంపెనీ వాసన వల్లనేనా?" ఒకరికి రాత్రిపూట ఘాటు వాసన తగలగానే ఒళ్ళంతా దురద మొదలవుతుంది. ఇంకొకరికి ముఖం మండి, గుండె దడదడలాడి, వెంటనే విరేచనాలవుతాయి. మరొకరికి అగరుబత్తి, ఫినాయిలు, కొత్తగా రంగు వేసిన గోడ – ఏ వాసనా పడదు. మామూలు రక్తపరీక్షలన్నీ బాగానే ఉంటాయి. ఇంట్లోవాళ్ళు "నీకేమీ లేదు, అంతా నీ అనుమానం" అంటారు. ఊళ్ళోవాళ్ళు "అంతా కంపెనీల మూలానే" అంటారు. ఈ రెండు మాటలూ రోగికి నష్టమే చేస్తాయని మా అభిప్రాయం. మొదటిది విన్నవారు వైద్యం మానుకుంటారు. రెండోది విన్నవారు అసలు కారణం వెతకడం మానుకుంటారు.

ఇటువంటి బాధల వెనుక కొన్నిసార్లు మాస్ట్ కణాల జబ్బు ఉంటుంది. అది ఏమిటో, పరిసరాల్లోని రసాయనాలకూ దానికీ సంబంధం ఎంతవరకు తెలిసిందో ఈ సంచికలో తెలుసుకుందాం.

మాస్ట్ కణం అంటే ఏమిటి?

1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ యువకుడు తన వైద్య పట్టా కోసం రాసిన వ్యాసంలో ఈ కణాలను వర్ణించాడు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి నిండా గింజలు కనిపించాయి. బాగా తిని బలిసిన కణాలు కాబోలు అనుకుని, జర్మన్ భాషలో మేపి బలిపించడాన్ని తెలిపే 'మాస్ట్' అనే మాటను వాటికి పేరుగా పెట్టాడు. ఆ ఊహ నిలబడలేదు కాని పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ గింజలు తిన్న ఆహారం కాదు. హిస్టమిన్, హెపారిన్, ట్రిప్టేజ్ వంటి పదార్థాలను కణం అందులో దాచుకుని ఉంటుంది.

చర్మం కింద, ముక్కులో, శ్వాసనాళాల్లో, పేగుల్లో, రక్తనాళాల చుట్టూ – బయటి ప్రపంచం మన శరీరాన్ని తాకే ప్రతిచోటా ఈ కణాలు కాపలా ఉంటాయి. నులిపురుగుల నుండి, తేలు, కందిరీగల విషం నుండి కాపాడడం వాటి పనుల్లో ఒకటి. ప్రమాదం అనిపించగానే నిమిషాల్లో ఆ గింజలను బయటికి వదిలేస్తాయి. అప్పుడు చర్మంపై దద్దుర్లు, దురద వస్తాయి. ముక్కు కారుతుంది, పిల్లికూతలు వస్తాయి, కడుపు మెలిపెడుతుంది. రక్తనాళాలు ఒక్కసారిగా వదులైతే బి.పి. పడిపోయి మనిషి సొమ్మసిల్లుతాడు. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. మన చామనఛాయ ఒంటిమీద ఎర్రదనం అంతగా కనబడదు కాబట్టి, "ఒంట్లో వేడి సెగ పుట్టింది" అని రోగి చెప్పే మాటను తేలికగా తీసుకోరాదు.

జబ్బు ఎన్ని రకాలు?

ఎక్కువమందిలో మాస్ట్ కణాలు ఆరోగ్యంగానే ఉంటాయి. వేరుశనగో, పెన్సిలినో, కందిరీగ విషమో వాటిని రెచ్చగొడుతుంది. అది మామూలు ఎలర్జీ.

రెండవది మాస్టోసైటోసిస్. ఇందులో కణాలే లెక్కకు మించి పెరుగుతాయి. పెద్దవారిలో చాలామందికి కిట్ అనే జన్యువులో ఒకే చోట వచ్చిన మార్పు దీనికి మూలం. ఇది పుట్టిన తరువాత కణంలో కలిగే మార్పు, సాధారణంగా తల్లిదండ్రుల నుండి రాదు. దాదాపు పదివేల మందిలో ఒకరికి ఉండవచ్చని అంచనా. చిన్నపిల్లల్లో ఇది ఒంటిపై గోధుమరంగు మచ్చలుగా మొదలవుతుంది. మచ్చను వేలితో రుద్దితే కాసేపట్లో అది ఉబ్బి దురద పెడుతుంది. మచ్చ చూడగానే కుష్టు అని భయపడి బిడ్డను దాచిపెట్టే తల్లులు ఉంటారు. కుష్టు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, ఇది దురద పెడుతుంది. చాలామంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి మచ్చలు తగ్గిపోతాయి.

మూడవది కణాల సంఖ్య మామూలుగానే ఉండి, అవి చీటికిమాటికి గింజలు వదిలే స్థితి. దీన్ని మాస్ట్ కణ ఉత్తేజ సిండ్రోమ్ అంటున్నారు. ఈ పేరు 2010 తరువాతే వైద్యుల్లో స్థిరపడింది. దీన్ని తేల్చడానికి మూడు విషయాలు కలిసి ఉండాలి. కనీసం రెండు అవయవాల్లో, ఉదాహరణకు చర్మంలోనూ పేగుల్లోనూ, బాధ హఠాత్తుగా, పదేపదే రావాలి. ఆ సమయంలో రక్తంలో మాస్ట్ కణాల పదార్థం పెరిగినట్లు కనబడాలి. హిస్టమిన్‌ను అడ్డుకునే మందులతో గుణం కనిపించాలి. నెలల తరబడి రోజంతా ఒకే తీరున ఉండే నీరసానికి ఈ పేరు పెట్టకూడదు.

మన ప్రాంతపు నీటిలో ఏం దొరికింది?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. మందుల తయారీ కంపెనీలు జిన్నారం వైపు కూడా విస్తరించాయి. ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరిన వ్యర్థజలాల గురించి పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటివారు ఏళ్ళ తరబడి పోరాడారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైనవిగా ప్రకటించిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి.

2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుండి, శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. అంటే రమారమి ఒక పెద్ద బిందెడు నీటిలో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది చాలా ఎక్కువ. 2009లో వచ్చిన రెండవ పరిశోధన ఈ ప్రాంతపు చెరువులను, పల్లెల బావులను చూసింది. కొన్ని బావుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌తోపాటు సెటిరిజిన్ కూడా లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటి కనబడింది. సెటిరిజిన్ అంటే దద్దుర్లకు మేము రాసే మందే! రోగికి చీటీ రాయకముందే బావి కొంచెం తాగించిందన్నమాట.

మాస్ట్ కణానికీ దీనికీ సంబంధం ఏమిటి?

ఎలర్జీకి ముందుగా శరీరం ఒక పదార్థానికి అలవాటుపడి ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకం తయారుచేసుకోవాలని వైద్య విద్యార్థులందరూ చదువుకుంటారు. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన వేరొక దారి చూపింది. మాస్ట్ కణంపై ఒక గ్రాహకం ఉంది. కొన్ని మందులు ఐ.జి.ఇ. ప్రమేయం లేకుండా నేరుగా దాన్ని తట్టి గింజలు విడుదల చేయించగలవు. ఆ మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్, ఆ కుటుంబానికే చెందిన మరికొన్ని మందులు, ఆపరేషన్ సమయంలో కండరాలు వదులు చేయడానికి ఇచ్చే కొన్ని మందులు ఉన్నాయి. మొదటిసారి వేసుకున్నప్పుడే కొందరికి ఎందుకు పడదో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

పై రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి, "అయితే మా బావి నీళ్ళే మా దద్దుర్లకు కారణం" అనాలనిపించడం సహజం. కాని లెక్క చూడండి. ఒక మైక్రోగ్రాము అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలో ఐదు లక్షలవ వంతు. గ్రాహకాన్ని తట్టడానికి కావలసినది దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీటివల్ల మందులకు లొంగని సూక్ష్మక్రిములు పెరగడమే రుజువైన ప్రమాదం. అది చిన్న విషయం కాదు, ఆ ఒక్క కారణం చాలు ఆ నీటిని తాగకుండా ఉండడానికి. దద్దుర్ల నేరాన్ని కూడా దానిపై మోపనక్కరలేదు.

కంపెనీ లోపల పనిచేసేవారి సంగతి మాత్రం వేరు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ పొడులు పీల్చే కార్మికులకు ఉబ్బసం, దద్దుర్లు రావడం వైద్యశాస్త్రంలో చాలాకాలంగా తెలిసినదే. ఇక్కడ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉండదు, మాస్కు తీస్తే ముక్కు నిండా పొడే. వారపు సెలవునాడు, ఊరికి వెళ్ళినప్పుడు బాధ తగ్గి, డ్యూటీలో చేరగానే తిరిగి వస్తే పనిచేసే చోటును తప్పక అనుమానించాలి.

వాసనలు పడనివారి మాటేమిటి?

ఘాటైన ఆవిరి తగిలితే ఎవరికైనా కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. అది రసాయనం చేసే నేరుగాయం, ఎలర్జీ కాదు. దాని గురించి ఫిర్యాదు చేయడానికి ఎవరూ జబ్బు రుజువు చేసుకోనక్కరలేదు. మేము చెప్పేది ఇతరులకు ఏమీ కాని కొద్దిపాటి వాసనకే కుదేలయ్యేవారి గురించి.

అమెరికాలోని టెక్సాస్‌లో డాక్టర్ క్లాడియా మిల్లర్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. మొదట పెద్ద మోతాదులో రసాయనం తగిలి శరీరం ఓర్పు కోల్పోతుందని, తరువాత చిన్న చిన్న వాసనలకు, ఆహారాలకు, మందులకు కూడా బాధ కలుగుతుందని ఆమె వాదన. 2021లో ఆమె బృందం మాస్ట్ కణ ఉత్తేజం ఉన్న 147 మందిని, రసాయనాలు పడని 345 మందిని ప్రశ్నావళి ద్వారా పోల్చింది. ఇద్దరి జవాబులు చాలా దగ్గరగా ఉన్నాయి. అందువల్ల రెండింటి వెనుకా మాస్ట్ కణాలే ఉండవచ్చని వారు రాశారు. ప్రశ్నావళిలో పోలిక కనబడినంత మాత్రాన కారణం ఒకటే అని చెప్పలేం. జ్వరం మలేరియాలోనూ వస్తుంది, టైఫాయిడ్‌లోనూ వస్తుంది కదా.

ఎదుటి పక్షం కూడా ఉంది. రోగికి తెలియకుండా ఒకసారి అసలు రసాయనాన్ని, ఒకసారి ఉత్త గాలిని పీల్పించి చూసిన 37 పరీక్షలను 2006లో లండన్ వైద్యులు సమీక్షించారు. ఏది ఏదో గుర్తుపట్టగలిగినప్పుడే బాధ ఎక్కువగా కనబడిందని తేలింది. దీన్నిబట్టి రోగి నటిస్తున్నాడని అనుకోవడం తప్పు. భయం, పాత అనుభవం కూడా గుండెదడను, ఆయాసాన్ని నిజంగానే పుట్టించగలవు. మా మట్టుకు మేము, ముందుగా రక్తపరీక్షతో మాస్ట్ కణాల సంగతి తేల్చుకున్న తరువాతే మిగతా ఆలోచన చేయాలంటాం.

ఆ పరీక్ష ఎలా చేయించాలి?

దాని పేరు సీరం ట్రిప్టేజ్. బాధ వచ్చిన నాలుగు గంటలలోపు, వీలైతే మొదటి రెండు గంటల్లో, ఒకసారి రక్తం తీయాలి. పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలు గడిచాక మరోసారి తీయాలి. రెండవ అంకెకు అందులో ఐదవ వంతు కలిపి, ఆపై 2 కలపండి. మామూలుగా 5 ఉన్నవారికి ఇది 8 అవుతుంది. బాధ సమయంలో 8 లేక అంతకన్నా ఎక్కువ ఉంటే మాస్ట్ కణాలు నిజంగా గింజలు వదిలాయని అర్థం. బాధ లేనప్పుడు కూడా 20 దాటి ఉంటే మాస్టోసైటోసిస్ కోసం నిపుణులు ఎముక మజ్జ పరీక్ష గురించి ఆలోచిస్తారు. నాలుగు రోజుల తరువాత తీరికగా వచ్చి చేయించుకుంటే డబ్బు ఖర్చే తప్ప తెలిసేది తక్కువ. అందుకే దద్దుర్లతోనే రండి, తగ్గేదాకా ఆగవద్దు.

ఈ జబ్బు ఉన్నవారికి అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసింది సూదుల గురించి. ఒళ్ళునొప్పులని వెళ్ళి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన పల్లెల్లో మామూలు. కొందరిలో మాస్ట్ కణాలను రెచ్చగొట్టే వాటిలో ఈ నొప్పి మందులు ముఖ్యమైనవి. కల్లు, సారా, మండుటెండ, కందిరీగ కాటు కూడా అటువంటివే. ఏ మందు పడలేదో చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి, ఆపరేషన్ అయితే మత్తు డాక్టరుకు ముందే చూపించండి. బి.పి.కి అటెనొలాల్ వంటి మాత్ర వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే అత్యవసర సూది దానివల్ల సరిగా పనిచేయకపోవచ్చు.

ఆ అత్యవసర సూది అడ్రినలిన్. దద్దుర్లతోపాటు ఊపిరి అందకపోయినా, గొంతు బిగుసుకున్నా, కళ్ళు తిరిగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి, లేపి నడిపించకూడదు. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వవచ్చు. పెద్దవారికి అర మిల్లీలీటరు అడ్రినలిన్ తొడ బయటివైపు కండలో వైద్య సిబ్బంది వేస్తారు. ఎవిల్, డెక్సామెథసోన్ సూదులు దీనికి బదులు కావు. అవి వేసి "చూద్దాం" అని కూర్చోబెట్టడంలో ప్రాణాలు పోతాయి.

రోజువారీ వైద్యానికి సెటిరిజిన్ వంటి మాత్రలు, ఫామోటిడిన్, మాంటెలుకాస్ట్ ఉపయోగపడతాయి. ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు నిర్ణయించాలి. పడదేమోనన్న భయంతో పప్పు, గుడ్డు, పాలు అన్నీ మానేసి చిక్కిపోవద్దు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. బాధ వచ్చిన తేదీ, గంట, ఏ షిఫ్టు, గాలి ఎటునుండి వీచింది, అంతకుముందు రెండు గంటల్లో ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి అందులో రాయండి. చదువు రానివారు పిల్లలచేత రాయించవచ్చు. వాడిన మందుల ఖాళీ అట్టలు పారేయకండి. కంపెనీలో పనిచేసేవారు అక్కడ వాడే పొడి లేక ద్రావకం పేరును డబ్బాపై చూసి రాసుకుని రండి. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు రామచంద్రాపురం ఆసుపత్రిలో కూడా ఇదే పుస్తకాన్ని చూపించవచ్చు.