బోధకుల వంతులు

ఒక క్రైస్తవ సంఘమున ప్రతి యాదివారమును ఒక్కడే బోధింపవలెనా, లేక పలువురు వంతులచొప్పున బోధింపవచ్చునా యను ప్రశ్న నూతనమైనది కాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాలుగవ యధ్యాయమున పౌలు, ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవలెననియు, తక్కినవారు విని వివేచింపవలెననియు విధించియున్నాడు. ఇందు మొదటి సగమును అందఱు జ్ఞాపకముంచుకొందురు. రెండవ సగమును మఱచుచుందురు. మేము చెప్పదలచినది ముఖ్యముగ ఆ రెండవ సగమును గూర్చియే.

ఇంగ్లాండునందలి మెథడిస్టుల చరిత్రకంటె ఇందుకు మంచి పాఠము మాకు గానరాదు. జాన్ వెస్లీ ఆంగ్లికను సంఘమున అభిషేకము పొందిన గురువు. ప్రసంగించు నధికారము అట్టి గురువులకే చెల్లునని యాయన మొదట నమ్మియుండెను. 1740 ప్రాంతమున ఆయన లండనులోని ఫౌండరీ యను స్థలమున, అనగా పూర్వము ఫిరంగులు పోతపోసిన కట్టడమున, కూడుచుండిన సమాజమును థామస్ మాక్స్‌ఫీల్డు అను అభిషేకము లేని యువకునికి అప్పగించి పొరుగూరు వెళ్లెను. అతడు ప్రార్థన చేయించుటతో నాగక ప్రసంగింప నారంభించెను. ఆ వార్త విని వెస్లీ ఆగ్రహముతో తిరిగివచ్చెను. తల్లి సుసన్నా ఆయనను వారించి, ముందు నీవే యతని ప్రసంగమును విని, దాని ఫలమును పరిశీలింపుమనెను. ఆయన వినెను, ఒప్పుకొనెను. విచారణ లేక తీర్పు కూడదని మేము న్యాయస్థానములలో ప్రతిదినమును వాదించుచుందుము గాని, మా యిండ్లలో ఆ న్యాయమును పాటించుట యరుదు.

క్రమముగా అనేక గ్రామముల సమాజములు కలిసి యొక సర్క్యూటుగా నేర్పడెను. మూడు నెలలకు సరిపోవు వంతుల పట్టికను అచ్చువేయుట వాడుక యయ్యెను. ఒక ప్రక్క గ్రామముల పేర్లు, పైన ఆదివారముల తేదీలు, గడులలో బోధకుల సంఖ్యలు. జీతము గలిగి సంచరించు బోధకులు కొలదిమందియే. తక్కిన గడులను నింపినవారు జీతము గొనని స్థానిక బోధకులు: గనులలో పనిచేయువారు, నేతపనివారు, చెప్పులు కుట్టువారు, అంగళ్లవారు. ఆరు దినములు చేతిపని చేసి, ఏడవదినమున మైళ్లకొలది నడచి పోయి బోధించి వచ్చెడివారు. టాల్‌పడుల్ గ్రామమున కూలివారి సంఘమును కట్టి, చట్టవిరుద్ధముగ ప్రమాణము చేయించిరను నేరమునకై 1834లో ఏడేండ్ల ద్వీపాంతరవాస శిక్ష పొందిన ఆర్గురిలో జార్జి లవ్‌లెస్ ఇట్టి బోధకుడే. వంతుకొఱకు చదువుకొన్న మనుష్యుడు వంతు ముగిసినంతమాత్రమున మూగవాడగునా?

అయినను పట్టికలో పేరు చేరుట సులభము కాదు. క్రొత్తవాడు పరీక్షాప్రసంగము చేయవలెను. తోడి బోధకులు దానిని విని గుణదోషములు చెప్పవలెను. మూడు నెలల కొకసారి కూడు సభలో వారి నడవడి, సిద్ధాంతము, వంతు తప్పుట యనునవి విచారింపబడుచుండెడివి. పౌలు చెప్పిన వివేచన యిచ్చట నియమముగ మాఱినది. ఇది లేనిచో వంతులపద్ధతి, నోరుగలవానికెల్ల వేదికనిచ్చుటయే యగును.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. నెలకొక క్రొత్తవాడు వచ్చి, పదియూళ్లలో చెప్పిన ప్రసంగమునే పదునొకండవ యూర చెప్పిపోవచ్చును. ఏ యింట మరణము సంభవించెనో, ఏ యింట ఋణబాధ యున్నదో వానికి తెలియదు. ఒక్క కాపరి యున్నచో తెలియునందురు. ఈ మాటలో సత్యమున్నదని మేమును అంగీకరింతుము. వెస్లీ సైతము, తాను ఒక్కచోటనే యేడాది బోధించినచో తానును శ్రోతలును నిద్రపోవుదుమని యొక లేఖలో వ్రాసెనేగాని, ఆ మాట యీ యాక్షేపణకు సమాధానము కాదు. సమాధానము వేఱొకచోట దొరకినది. 1742లో బ్రిస్టలునందలి మందిరపు అప్పు తీర్చుటకై వారమునకు ఒక్కొక్క పెన్నీ వసూలు చేయ నిశ్చయించి, పండ్రెండుగురికి ఒక నాయకుని నియమించిరి. పెన్నీకై యింటింటికి పోయిన నాయకుడు ఇంటి క్షేమమును, నడవడిని గూడ తెలిసికొనెను. అప్పుకై పుట్టిన యేర్పాటు కాపుదలకు పనికివచ్చెను. బోధించువాడు మాఱినను విచారించువాడు మాఱడు.

మన తెలుగు జిల్లాలలోను ఒక గురువు క్రింద అనేక గ్రామసంఘములుండుటచేత, పెక్కుచోట్ల ఆదివారపు ఆరాధనను ఉపదేశియో, పెద్దయో జరుపుట కలదు. అట్టిచోట వంతు నిర్ణయించువారెవరు, విని వివేచించువారెవరు అను రెండు ప్రశ్నలను సంఘస్థులు అడుగుట యుక్తము.

మెథడిస్టుల పట్టికయందును ఒక కళంకము కలదు. 1761లో డార్బీ పట్టణమున సారా క్రాస్బీ యను స్త్రీ, ముప్పదిమంది వత్తురనుకొన్న కూటమునకు సుమారు ఇన్నూరుమంది రాగా, వారితో మాటలాడవలసివచ్చెను. ఆమె హద్దు మీఱలేదని వెస్లీ వ్రాసెను. ఆయన 1791లో గతించెను. 1803లో మెథడిస్టుల మహాసభ, స్త్రీలు సామాన్యముగ బోధింపరాదనియు, అసాధారణమైన పిలుపు గలవారైనను అనుమతి పొంది స్త్రీలకు మాత్రమే బోధింపవలెననియు నిర్ణయించెను. ఆ శాఖవారు పురుషులతో సమానముగ స్త్రీలను స్థానిక బోధకులుగ చేర్చుకొనుటకు 1918వఱకు పట్టినది. వినకయే తీర్పు చెప్పకుమన్న సుసన్నా మాటను ఆ సభవారెవరును జ్ఞాపకము చేసికొనలేదు కాబోలు.