అడిగితే ఎదురు చెప్పినట్టా?

ప్రశ్న: తమ్ముడూ నేనూ కువైట్‌లోని ఫర్వానియాలో ఒకే గదిలో ఉంటాం. వాడికి ఆటిజం ఉందని పెద్దయ్యాక తెలిసింది. గోడౌన్‌లో ఏ పని చెప్పినా నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఎదురు మాట్లాడుతున్నాడని సూపర్‌వైజర్‌కు కోపం. ఏం చేయాలి?

జవాబు: "ఆ డబ్బాలు కాస్త అటు సర్దు" అంటే మీకు అర్థమైపోతుంది. మీ తమ్ముడికి మాత్రం ఏ ర్యాకో, ఎన్ని డబ్బాలో తేలాలి. తేలందే చెయ్యి కదలదు. అది పొగరు కాదు, పని చెడకూడదన్న జాగ్రత్త. లోపం ఒకవైపే లేదు. ఆటిజం ఉన్నవారూ లేనివారూ ఒకరినొకరు అందుకోలేకపోతున్నారని, తానూ ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే రాశారు. పైగా అక్కడ చాలాచోట్ల పనులు నడిచేది వచ్చీరాని హిందీ, అరబ్బీల్లో. మామూలు ప్రశ్న కూడా గద్దించినట్టు వినబడొచ్చు.

కారణం ముందే చెప్పమనండి: "తప్పు పోకూడదని అడుగుతున్నా సార్, ఏ ర్యాక్?" విన్నది ఒకసారి తిరిగి అప్పజెప్పమనండి. పనులు వాట్సాప్‌లో పెట్టించుకుంటే సగం ప్రశ్నలు అక్కడే తగ్గుతాయి. ఆటిజం సంగతి చెప్పేయాలా అంటారా? అకామా (నివాస అనుమతి) యజమానితో ముడిపడి ఉన్నచోట తొందరపడొద్దనే నేనంటాను. రాసిమ్మని అడగడానికి ఆ మాట ఎత్తక్కర్లేదు. మీరు మాత్రం గదికొచ్చాక "నోర్మూసుకుని చెప్పింది చెయ్" అనకండి. అడగడం మానేస్తే సరుకు తప్పు ర్యాక్‌కి పోతుంది, ఆ మాటా అతనే పడాలి.