మంచు, మంచుగడ్డ: పనిబండ్లకు శీతకాలపు టైర్లు

తెలుగు చెప్పే అధ్యాపకునికి టైర్లతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చును. కాని ఈ వ్యాసానికి మూలం ఒక మాటే. మన తెలుగులో తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే. పొగవలె ఊరిని కమ్మేదీ మంచే. హిమాలయాలపై కురిసేదీ మంచే. నీరు గడ్డకట్టిన దానిని వేరుగా చెప్పవలసి వస్తే మంచుగడ్డ అంటాము, సోడా కొట్టు దగ్గర ఐసు అంటాము. ఉర్దూలోనూ అంతే. ఆకాశం నుండి కురిసేదీ బర్ఫ్, గ్లాసులో వేసుకొనేదీ బర్ఫ్. ఎండకు అలవాటుపడిన మనకు ఈ భేదంతో అంతగా అవసరం కలుగలేదు. చలిదేశంలో బరువుబండి నడిపేవానికి మాత్రం ప్రాణం ఆ భేదం మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి నాకు మా పెదనాన్నగారి కుమారుని వలన తెలిసింది. ఆయన కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో విద్యుత్ పనులు చేస్తారు. పనిముట్లూ తీగచుట్టలూ నింపిన పికప్ ట్రక్కే ఆయన కార్యాలయం. అక్కడి మొదటి చలికాలానికి ముందు టైర్లు కొన్నప్పుడు, దుకాణంవాడు టైరు ప్రక్కన ఉన్న ‘ఎం, ఎస్’ అనే అక్షరాలను చూపి, బురదకూ మంచుకూ ఇది చాలునన్నాడట. నవంబరులో ఒక సాయంత్రం ఎర్రదీపం చూసి బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. కూడలి మధ్యగా జారుకొంటూ పోయి అవతలి కాలిబాట గట్టుకు తగిలి నిలిచింది. ఆ క్షణంలో అడ్డంగా మరొక బండి రాలేదు గనుక ఆయనా, ప్రక్కన కూర్చున్న సహాయకుడూ బ్రతికారు.

“భాయీజాన్, రోడ్డు మీద మంచు అంతగా కురిసిందా?” అని టెలిఫోనులో అడిగాను.

“మంచే ఉంటే ఆగేవాడిని తమ్ముడూ! రోడ్డు నల్లగా, తడిసినట్లుంది. అదంతా ఐసు” అన్నారు.

భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసిన సూత్రంతోనే ఆ మాటను పరీక్షించవచ్చు. బండి ఆగడానికి పట్టే దూరం వేగం యొక్క వర్గానికి అనులోమంగానూ, ఘర్షణ గుణకానికి విలోమంగానూ ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11.1 మీటర్లు. పొడి తారురోడ్డుకు గుణకం 0.7 అనుకొంటే, బ్రేకు పడిన తరువాత 9 మీటర్లలో బండి ఆగుతుంది. అణగిన మంచుకు 0.2 అనుకొంటే 31 మీటర్లు దాటుతుంది. మంచుగడ్డకు 0.1 అనుకొంటే 63 మీటర్లు. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా కనబడదు సుమా! ‘బరువున్న బండికి పట్టు ఎక్కువ’ అనే మాట సగమే నిజం. వెనుకచక్రాలు నడిపే ట్రక్కులో వెనుకవైపు ఇసుకమూటలు వేస్తే బండి కదలడానికి సహాయపడుతుంది. ఆపవలసినప్పుడు ఆ బరువు ఆదుకోదు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తినందించే ఏర్పాటూ అటువంటిదే.

మరొక విచిత్రం. మంచుగడ్డ గడ్డు చలిలో కన్న సున్నా డిగ్రీల సమీపంలోనే ఎక్కువగా జారుతుంది. పైన సన్నని నీటిపొర ఏర్పడడమే అందుకు కారణం.

ఇప్పుడు టైరు సంగతి. వేసవి టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల కన్న చలి పెరిగితే బిరుసెక్కుతుంది. శీతకాలపు టైరులో సహజ రబ్బరు పాలు హెచ్చించి, సిలికా కలిపి, చలిలో కూడా మెత్తగా ఉండేటట్లు చేస్తారు. దాని లోతైన గాడులలో మంచు దట్టంగా ఇరుక్కొని, రోడ్డు మీది మంచును పట్టుకొంటుంది. మంచుకు మంచే పట్టు. మంచుగడ్డపై ఈ ఉపాయం సాగదు. అక్కడ రబ్బరు మెత్తదనమూ, దానిపై కత్తితో కోసినట్లుండే వందలాది సన్నని చీలికలూ పనిచేయాలి. ఈ చీలికలకు 1923లో జాన్ సైప్ అనే అమెరికను పేటెంటు పొందగా, ఆంగ్లంలో ఆయన పేరే వాటికి స్థిరపడింది. ఇక మొట్టమొదటి శీతకాలపు టైరు 1934లో ఫిన్లండులో, నేడు నోకియన్ అనే పేరుతో ఉన్న కర్మాగారంలో, లారీల కొరకే తయారైంది. కారులవారి వంతు 1936లో గాని రాలేదు.

మా అన్నగారిని మోసగించిన ‘ఎం, ఎస్’ అక్షరాలు గాడుల ఆకారాన్ని మాత్రమే సూచిస్తాయి. వాటి వెనుక ఏ పరీక్షా లేదు. 1999లో ఉత్తర అమెరికాలో మూడు శిఖరాల పర్వతమూ, అందులో మంచురేకూ ఉన్న గుర్తు వచ్చింది. ఆ గుర్తు పొందాలంటే అణగిన మంచుపై టైరు పట్టు ప్రామాణిక టైరు కన్న కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. జర్మనీలో మంచురోడ్లపై ‘ఎం, ఎస్’ టైర్లకు ఇచ్చిన గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసి, పర్వతపు గుర్తే తప్పనిసరి అయింది. అయినను ఆ పరీక్ష జరిగేది మంచు మీద, మంచుగడ్డ మీద కాదు. మంచుగడ్డ పట్టుకు వేరొక గుర్తు 2021 మే నెల నుండి యూరప్‌లో ఉన్నది గాని, అది కారు టైర్లకు ఉద్దేశించినది. కనుక పనిబండివాడు గుర్తు చూసి ఊరుకోక, తాను నడిచే దారిలో ఎక్కువగా ఎదురయ్యేది ఏదో తానే తేల్చుకోవాలి.

కురిసిన మంచు పేరుకొనే పల్లెదారులైతే లోతైన గాడులు గల, కాస్త ఇరుకైన టైరు మేలు. అది మంచును చీల్చుకొని క్రిందికి దిగుతుంది. వెడల్పు టైరు చూపుకు దర్జాగా ఉన్నా, మంచుపైకి తేలాలని చూస్తుంది. బండ్లు తిరిగి తిరిగి నున్నగా మెరిసే పట్టణపు కూడళ్ళకు చీలికలు ఎక్కువున్న మెత్తని టైరు కావాలి, లేదా ఉక్కుమేకుల టైరు. తడి ఐసుపై మేకులకు సాటిలేదు. కాని అవి రోడ్డును తవ్వి దుమ్ము లేపుతాయి. ఆ దుమ్ము బాధకే జపాను 1990లో చట్టం చేసి వాటిని నిషేధించింది. స్థానిక చట్టం తెలుసుకోకుండా మేకుల టైర్లు కొనరాదు. బ్రిటిష్ కొలంబియా కనుమదారులలో 11,794 కిలోగ్రాములు, ఆపైన ఉన్న వాణిజ్య వాహనాలు చలికాలంలో గొలుసులు వెంట ఉంచుకోవాలి. మన జోజిలా కనుమ మీద డ్రైవర్లు చక్రాలకు చుట్టేవీ ఆ గొలుసులే.

బరువు మోసే బండికి మరొక జాగ్రత్త ఉన్నది. టైరు ప్రక్కన 121 అని ఉంటే అది 1,450 కిలోగ్రాములు మోస్తుందని అర్థం. చౌకగా వచ్చిందని అంతకన్న తక్కువ అంకె గల కారు టైరు తగిలిస్తే, మంచు కన్న ముందు సరుకే దానిని చంపుతుంది. గాలి కూడా చలికి తగ్గుతుంది. 20 డిగ్రీల షెడ్డులో 80 పౌన్లు పట్టిన టైరు, బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువన, వాయునియమం ప్రకారం సుమారు 67 పౌన్లకు దిగుతుంది. కావున చల్లబడిన టైరులోనే గాలి కొలిచి చూడాలి. ఇంజను త్రిప్పే రెండు చక్రాలకే కొత్త టైర్లు వేసి పొదుపు చేయడం మరీ అపాయం. వెనుకవి పట్టుకొని ముందువి జారితే బండి తిప్పినవైపు తిరగదు. ముందువి పట్టుకొని వెనుకవి జారితే తోక తిరిగిపోతుంది.

మా అన్నగారు మరుసటి అక్టోబరులో, తొలి మంచుకు ముందే, పాత అంకెకు తగ్గని నాలుగు మేకుల టైర్లు వేయించారు. ఈ మధ్య ఆయన క్రింద పనికి చేరిన ఇద్దరు తెలుగు యువకులకు నేర్పుతూ, నల్లగా కనబడే ఆ ఐసును తెలుగులో ఏమనాలని నన్ను అడిగారు. నిఘంటువులు త్రిప్పి చూశాను, లేదు. ‘కనబడని ఐసు’ అనండి అన్నాను. ఇప్పుడు వారి బండిలో ఆ మాటే నడుస్తున్నదట.