ప్రతి వ్రాసికొనదగిన పుస్తకము

మేనల్లుడా,

నీ యుత్తరము చేరినది. రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయములో అడుగుపెట్టి, బీరువా వెంట బీరువా చూచుకొనుచుపోయి, జీవితమంతయు చదివినను ఇందొక మూలనైనను ముగింపజాలనని దిగులుపడి, లోకమున పుస్తకములు మితిమీరినవనియు, అందరును చదివి తీరవలసిన పదింటి పేర్లు వ్రాసి పంపుమనియు కోరితివి. పేర్లు వ్రాయుట కష్టము కాదు. ఎన్నుకొను విధము తెలియనిచో ఆ పదియును నీకు బరువే యగును గనుక, ముందామాట చెప్పి పిమ్మట పేర్లకు వత్తును.

తాటియాకుల కాలమున ఈ దిగులునకు తావు లేకుండెను. ఆకుపై గంటముతో గీచి, మసి పూసి తుడిచి, బెజ్జమున త్రాడు గ్రుచ్చి, రెండు చెక్కల నడుమ బిగించి ఒక మహాకావ్యమును సిద్ధము చేయుటకు లేఖకునికి నెలలు పట్టెడివి. అంత శ్రమించి వ్రాసిన ఆకులును తేమకును పురుగులకును లోనై కొన్ని తరములలో శిథిలములగుచుండెను. కావున తరతరమునను ఎవడో యొకడు ఇది నా శ్రమకు తగునని తలచి తిరిగి వ్రాసినగాని గ్రంథము బ్రతుకదు. అచ్చుయంత్రము వచ్చి ఆ జల్లెడను తొలగించినది. అక్షరములు కూర్చుట ముగిసినచో వేయి ప్రతులైనను దిగును; మంచిదానికిని చెడ్డదానికిని కాగితము ఒకటే. నాడు లేఖకుడు చేసిన నిర్ణయము నేడు చదువరి తలపై పడినది. పుస్తకములు పెరిగినవని నీవు పడు బాధ నిజమునకు ఆ నిర్ణయభారమే.

అట్లని పూర్వపు జల్లెడను పూజింపకుము. నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దములపాటు మరుగుపడియుండి, మానవల్లి రామకృష్ణకవి 1909లో అచ్చువేయించినగాని వెలుగు చూడలేదు. వేమన పద్యములు జనుల నాలుకలపై నిలిచినను పండితుల యాదరమునకు నోచుకొనలేదు. సి.పి. బ్రౌను దొర వ్రాతప్రతులు కూడబెట్టి, పాఠములు సరిచూపించి, 1829లో ఆంగ్లానువాదముతో వానిని ప్రకటించెను. జారిపోవలసిన యిద్దరు కవులు ఎవరో యొకరి పట్టుదలవలన దక్కిరి. అట్టి పట్టుదల దొరకక జారిపోయినవారెందరో! కనుక పుస్తకములను తగ్గింపజూచుట అవివేకము. గ్రంథాలయము విశాలముగా నుండవలెను. చదువరి యెన్నిక కఠినముగా నుండవలెను.

ఇక పేర్లు. మనుష్యులందరికిని తగిన పది నేనెరుగను. తెలుగు చదువుకొన్నవానికి తప్పనివి మూడు చెప్పుదును.

మొదటిది తిక్కన ఉద్యోగపర్వము. కృష్ణుడు రాయబారమునకు బయలుదేరుటకు ముందు జరిగిన సంభాషణములను నెమ్మదిగా చదువుము. ధర్మరాజు సంధి కోరుట వింత కాదు. భీమునంతటివాడును సంధియే మేలనుట, కృష్ణుడతనిని ఎత్తిపొడిచి రేపుట, పిమ్మట ద్రౌపది తన జుట్టు చూపి సభలోని యవమానమును జ్ఞప్తికి తెచ్చుట గమనింపుము. ఒక్క ప్రశ్నకు ఇందరు, ఎవరి స్వభావమునకు తగినట్లు వారు, బదులు చెప్పుట చూచినవానికి ఒక పక్షమునే వాదించు గ్రంథములు నూరు చప్పగా కనబడును.

రెండవది వేమన. ఆ పేర చెలామణియగు పద్యములన్నియు అతనివి కావు. ఏది అతని గొంతు, ఏది తరువాతివారి చేర్పు అని విచారించుచు దినమునకు రెండు మూడు పద్యములకు మించక చదివినచో, ఎవరి పేరు చూచియు మోసపోని బుద్ధి అలవడును.

మూడవది కన్యాశుల్కము. 1897లో అచ్చుపడిన నాటకమును గురజాడ అప్పారావుగారు అంతటితో విడువక, పెంచి, మార్చి, 1909లో దాదాపు క్రొత్త నాటకముగా వెలువరించిరి. కర్తయే పండ్రెండేండ్లకు తన గ్రంథమునకు మరలి వచ్చెననగా, చదువరి ఒక్క చదువుతో ముగించుట తగునా? ఇరువదియేట ఆ నాటకములోని గిరీశమును చూచి నవ్వుదువు. నలుబదియేట అతని మాటకారితనము నీలో నెంత కలదో లెక్క చూచుకొందువు.

నాలుగవది నీ వృత్తికి మూలమైన గ్రంథము. దానిని నీవే వెదకికొనవలెను. వీనికి ప్రక్కన శబ్దరత్నాకరమను నిఘంటువు నుంచుకొనుము. తెలియని పదమును దాటిపోవు అలవాటు మంచి పుస్తకమును గూడ వ్యర్థము చేయును.

తక్కినవానికి నీవే లేఖకుడవు. ఒక నోటుపుస్తకము కొని, ఏ గ్రంథము ముగించినను, ఇందు నా చేతితో ప్రతి వ్రాసికొనదగిన పుట ఏదియని ప్రశ్నించుకొనుము. దొరకినచో తప్పు లేకుండ వ్రాసికొనుము. కన్ను పరుగెత్తునపుడు కానరాని వాక్యపు పోకడ చేయి నడచునపుడు తెలియును. దొరకనిచో విచారపడక తిరిగి ఇచ్చివేయుము. ప్రొద్దుపుచ్చుటకు చదువు నవలలకు ఈ పరీక్ష అక్కరలేదు. వినోదమును వినోదముగానే యుంచుకొనుము.

ఏడాది గడచిన పిమ్మట నేను చెప్పినవానిలో ఏదైనను ప్రతి వ్రాయదగినది కాదని తోచినచో, మొగమాటపడక కొట్టివేసి కారణము వ్రాయుము. దాని స్థానమున నీవెన్నిన పుస్తకమును నేను చదివెదను.

ఇట్లు,
నీ మామయ్య