ఏలీవలె దారి చూపుదాం



బాలుడైన సమూవేలు దేవుని పిలుపును మూడుసార్లు విని, ఆ పిలిచింది ఏలీయే అనుకొని మూడుసార్లూ ఆయన దగ్గరికి పరుగెత్తాడు (1 సమూవేలు 3). మొదట ఏలీకీ సంగతి అర్థం కాలేదు. అయినా ఆ వృద్ధ యాజకుడు విసుగుకొనలేదు. బాలునికి బదులు తాను జవాబు చెప్పలేదు. ఎలా జవాబు చెప్పాలో నేర్పి పంపాడు. చదువులో సలహా అంటే ఇదే.

మన నస్రుల్లాబాదు నుండి, చుట్టుపక్కల తండాల నుండి పిల్లలు ఇంటర్ ముగించి డిగ్రీలో చేరుతున్నారు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. 2016 నుండి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైనులో జరుగుతున్నాయి. ఇంటర్నెట్ సెంటరులో తొందరగా పెట్టిన ఆప్షన్లు మూడేళ్ల చదువును నిర్ణయిస్తున్నాయి.

ఒకే బెంచీ మీద కూర్చున్నవారంతా ఒకే చోటునుండి రాలేదు. ఒకరు తెలుగు మాధ్యమంలో, మరొకరు ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఇంకొకరి ఇంటిమాట లంబాడీ. కొందరి ఇంట్లో కళాశాల గడప తొక్కినవారే లేరు. అందరికీ ఒకే సలహా ఇవ్వడం సమానత్వం కాదు. ఎవరి అవసరమేమిటో తెలుసుకొని ఇచ్చేదే న్యాయం.

మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు తప్పిన ఒక అబ్బాయి పుస్తకాలు అటకెక్కించాడు. “వీడికి చదువు అబ్బదు ఫాదర్, పనిలో పెడతాను” అన్నాడు తండ్రి. తప్పిన పేపర్లు మళ్లీ రాయవచ్చునని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పాఠం అర్థం కాకపోవడం కాదు, ఇంగ్లీషు అర్థం కాకపోవడమే వాడి కష్టం. ఆ మాట వాణ్ణి అడిగినవారే లేరు. చివరకు ఒక అధ్యాపకుని ముందు కూర్చోబెడితే, అరగంటలో ముడి విడిపోయింది.

కొత్త విద్యార్థులు కళాశాలకు అలవాటుపడేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో ‘దీక్షారంభ్’ మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థికి తోడుగా ఒక అధ్యాపకుడు మెంటరుగా ఉండాలన్నది అందులోని ఆలోచన. అదే సంవత్సరం ఫ్రాన్సిస్ పోపుగారు ‘క్రీస్తు సజీవుడు’ అన్న లేఖలో, యువతకు తోడుగా నడిచే పెద్దలు కావాలన్నారు.

కనుక మూడు పనులు చేయండి. మొదటి నెలలోనే కళాశాలకు వెళ్లి మీ బిడ్డ మెంటరు ఎవరో తెలుసుకోండి. హాజరు, ఉపకారవేతనం దరఖాస్తు గడువు ముందే అడగండి. ఇంటికి వచ్చిన బిడ్డను “ఎన్ని మార్కులు?” అనడానికి ముందు “ఏది కష్టంగా ఉంది?” అని అడగండి.

విచారణలో డిగ్రీ చదివిన అన్నలారా, అక్కలారా! ఆదివారం పూజ తరువాత అరగంట ఆగండి. దోస్త్ ఫారం నింపడం, సెమిస్టరు లెక్క చెప్పడం మీకు చిన్న పని. ఆ బిడ్డకు మాత్రం అది చదువు నిలబడే ఆధారం. మన పిల్లలలో ఒక్కరూ అడిగే దిక్కులేక పుస్తకం మూయకుందురు గాక. ఆమెన్.