పెద్ద కంపెనీ నుంచి లాయర్ నోటీసు వస్తే: మన పేరు, మన వెబ్‌సైట్ కాపాడుకోవడం ఎలా?

పై వీడియోలో మా చెక్క గానుగ, నూనె తీసే పద్ధతి చూపించాను. చివర్లో లేబుల్ మీద ఉన్న పేరు గురించి రెండు మాటలు చెప్పి వదిలేశాను. చాలామంది ఫోన్ చేసి దాని గురించే అడిగారు. ఇది కాగితాల వ్యవహారం, వీడియోలో చెప్తే గుర్తుండదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేము 2016 నుంచి మా నాయనమ్మ పేరుతో వేరుశనగ నూనె, నువ్వుల నూనె అమ్ముతున్నాం. 2017లో అదే పేరుతో వెబ్‌సైట్ పెట్టుకున్నాం. 2023లో ఒకరోజు రిజిస్టర్డ్ పోస్టులో నాలుగు పేజీల లాయర్ నోటీసు వచ్చింది. పంపింది పెద్ద కంపెనీ, పేరు ఇక్కడ రాయను. ఆ పేరు వాళ్ళు 2019లో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నారట. 15 రోజుల్లో మేము పేరు మార్చుకోవాలట. మిగిలిన లేబుళ్లు నాశనం చేయాలట. వెబ్‌సైట్ పేరు వాళ్ళకు రాసివ్వాలట. సంతకం పెట్టి తిప్పి పంపడానికి ఒక కాగితం కూడా జత చేశారు.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. పెద్దోళ్ళతో మనకెందుకు అనిపించింది. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఈ పేరు చూసి ఏడేళ్ళుగా కొంటున్నోళ్ళకి రేపు ఏం చెప్తామండీ?" మాకు ఆర్గానిక్ సర్టిఫికెట్ లేదు, ప్రకటనలు లేవు. మా నూనెను జనం నమ్మేది ఆ పేరు మీదే. అది పోతే మళ్ళీ మొదటి సీసా నుంచి మొదలుపెట్టాలి.

ఆ వారంలోనే మా అబ్బాయి నెట్‌లో వెతికి అమెరికాలో జరిగిన ఒక కేసు చూపించాడు. మన రైతులకు బాగా అర్థమయ్యే కేసు ఇది. వెర్మాంట్ రాష్ట్రంలో బో ముల్లర్ మూర్ అనే ఆయన టీషర్టుల మీద చేత్తో అచ్చు వేసి అమ్ముకునేవాడు. కేల్ పండించే ఒక రైతు మిత్రుడు అడిగితే 2000లో "ఈట్ మోర్ కేల్" అని షర్టులు వేసిచ్చాడు. కేల్ అంటే క్యాబేజీ జాతి ఆకుకూర. "కేల్ ఇంకా తినండి" అని దాని అర్థం. మిగతావాళ్ళూ అడగడం మొదలుపెట్టారు, అదే ఆయన వ్యాపారం అయింది. ఈట్‌మోర్‌కేల్ డాట్ కామ్ అని వెబ్‌సైట్ కూడా పెట్టుకున్నాడు.

చిక్ ఫిల్ ఏ అని అక్కడ చికెన్ అమ్మే పెద్ద హోటళ్ళ కంపెనీ ఉంది. ఆవులు బోర్డులు పట్టుకుని "చికెన్ తినండి" అని బతిమాలే ప్రకటనలు వాళ్ళవి, 1995 నుంచి నడుస్తున్నాయి. ఈయన మాట మా మాటలా ఉంది, ఆపేయమని 2006లో ఒకసారి ఉత్తరం పంపారు. 2011లో ఆయన ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టుకోగానే మళ్ళీ పంపారు. ఈసారి వెబ్‌సైట్ కూడా అప్పగించమన్నారు. ఇంతకుముందు మేము అడిగితే వెనక్కి తగ్గినవాళ్ళు వీళ్ళు అని 30 ఉదాహరణలు కూడా చూపించారు. ఆ లిస్టు చూస్తే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ఆయన సంతకం పెట్టలేదు. న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ లా స్కూల్ వాళ్ళు డబ్బు తీసుకోకుండా కేసు చూశారు. రాష్ట్ర గవర్నర్ బహిరంగంగా ఆయన పక్కన నిలబడ్డాడు. 2014 డిసెంబర్‌లో ట్రేడ్‌మార్క్ ఆయనకే వచ్చింది. మూడేళ్ళు పట్టింది. ఆకుకూర కొనబోయి చికెన్ కొనేవాడు ఎవడూ ఉండడని నాకూ అనిపించింది గానీ, అంత చిన్న సంగతి తేలడానికే మూడేళ్ళు.

సరే, అది అమెరికా. మన దగ్గర సంగతేంటి? మా లాయర్ గారు ముందు నన్ను అడిగిన ప్రశ్న "మీకు రిజిస్ట్రేషన్ ఉందా" అని కాదు, "ఎప్పటినుంచి అమ్ముతున్నారు, రుజువేంటి" అని. మన ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 34వ సెక్షన్ ఉంది. అవతలివాళ్ళు పేరు వాడటం మొదలుపెట్టిన తేదీ, రిజిస్టర్ చేయించుకున్న తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందునుంచి మనం ఆపకుండా వాడుతుంటే, వాళ్ళ రిజిస్ట్రేషన్ చూపించి మనల్ని ఆపలేరు. వాళ్ళు ఎప్పటినుంచి వాడుతున్నామని రాసుకున్నారో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మా విషయంలో వాళ్ళు 2018 అని రాసుకున్నారు. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టింది.

కానీ 2016 అని నోటితో అంటే సరిపోదు. రుజువులు వెతకడానికే పది రోజులు పట్టింది. మొదటి బిల్ బుక్‌కి చెదలు పట్టింది, సగం పేజీలు లేవు. మమ్మల్ని కాపాడింది లేబుళ్లు వేసిన ప్రింటింగ్ ప్రెస్ బిల్లు. పేరు, తేదీ, ఎన్ని లేబుళ్లో అన్నీ దాని మీద ఉన్నాయి. ఆ తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొరియర్ రసీదులు, ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం, సంతలో స్టాల్ పెట్టినప్పటి ఫోటోలు. సంవత్సరాల వారీగా కట్టలు కట్టి జవాబుతో పాటు పంపాం. మధ్యలో ఒక ఏడాది అమ్మకం లేకపోతే కథ వేరేలా ఉండేదని లాయర్ గారు అన్నారు.

వెబ్‌సైట్ దగ్గర మాత్రం తప్పు మాదే. డొమైన్ పేరు మా పేరు మీద లేదు! సైట్ చేసిచ్చిన కుర్రాడి పేరు, అతని ఈమెయిల్ మీద ఉంది. అతను మంచివాడు కాబట్టి అడగ్గానే మార్చిచ్చాడు. ఫోన్ నంబర్ మారిపోయి అతను దొరక్కపోతే, కంపెనీవాళ్ళు అతనికే డబ్బిచ్చి కొనేసుకుంటే మేము చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఈ ఒక్క పని ఈరోజే చూసుకోండి. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, రెన్యువల్ మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

డాట్ కామ్ పేరు మీద గొడవ వస్తే జెనీవాలోని వైపో లాంటి సంస్థల దగ్గర, డాట్ ఇన్ అయితే మన నిక్సీ విధానం ప్రకారం మధ్యవర్తి దగ్గర తేలుతుంది. ఫిర్యాదు చేసినవాళ్ళు మూడూ నిరూపించాలి: పేరు వాళ్ళ మార్కులాగే ఉందని, దాని మీద మనకు న్యాయమైన హక్కు లేదని, చెడు ఉద్దేశంతో తీసుకున్నామని. ముందునుంచి అదే పేరుతో నూనె అమ్ముతున్నవాడి మీద రెండోది, మూడోది నిరూపించడం కష్టం. డాట్ కామ్ అయితే జవాబుకు 20 రోజులే గడువు. భయపడి ఊరుకుంటే మన వాదన వినేవాళ్ళే ఉండరు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. సిఫీ అనే పేరు మీద 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. సత్యం ఇన్ఫోవే 1999లో ఆ పేరుతో డొమైన్లు తీసుకుంది. తర్వాత ఇంకొకరు ఒక అక్షరం పెంచి సిఫ్ఫీనెట్ అని పెట్టారు. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్‌లాగే రక్షణ ఉంటుందని కోర్టు చెప్పింది, ముందు వాడిన సత్యం వాళ్ళే గెలిచారు. మనవాళ్ళలో కూడా పేరున్న బ్రాండ్‌కి ఒక అక్షరం మార్చి పెట్టేవాళ్ళు ఉన్నారు. అలా చేసి ఉంటే నోటీసు వచ్చేదాకా ఆగకుండా మార్చేసుకోండి.

"సహజ నూనె", "ఆర్గానిక్ బెల్లం" లాంటి పేర్లు సరుకును వర్ణించేవి కాబట్టి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం, అందరూ వాడుకునే మాటలు అవి. పేరు మీది అనిపించేలా ఉండాలి. నూనె, నెయ్యి 29వ క్లాసు. బియ్యం, బెల్లం, తేనె, మసాలాలు 30. విత్తనాలు, తాజా కూరగాయలు 31. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు, రిజిస్ట్రేషన్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ళు ఉంటుంది. దరఖాస్తు జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వాళ్ళ దరఖాస్తు 2019లో అచ్చయినప్పుడు మేము చూసుకుని ఉంటే ఆ నాలుగు నెలల్లోనే అడ్డం పడేవాళ్ళం. అప్పుడు జర్నల్ అనేది ఒకటుందనే మాకు తెలియదు.

మా జవాబు వెళ్ళాక నోటీసు మళ్ళీ రాలేదు. అయితే తర్వాత మేము పెట్టుకున్న దరఖాస్తుకు వాళ్ళు అభ్యంతరం వేశారు, అది ఇంకా నడుస్తోంది. ఈలోగా మా నాయనమ్మ పేరుతోనే నూనె అమ్ముతున్నాం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎలా నింపాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఆలోపు మీ మొదటి బిల్ బుక్, మొదటి లేబుల్ బిల్లు ఎక్కడున్నాయో వెతికి, చెదలు పట్టని చోట పెట్టుకోండి.